సీటు బెల్టు హెచ్చరిక తప్పుగా వస్తుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

బెల్టు సరిగ్గా పెట్టుకున్నా డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆరకపోవడం, ఎవరూ లేని పక్క సీటు గురించి కారు బీప్ కొడుతూనే ఉండడం, బెల్టు లేకుండా ఎంత దూరం వెళ్లినా అసలు కిక్కురుమనకపోవడం - ఈ మూడూ ఒకే హెచ్చరిక వ్యవస్థలో వచ్చే లోపాలే గాని, మూడింటి మూలమూ ఒకచోట ఉండదు. హెచ్చరిక ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది, ఏ కదలికతో మారుతోంది అన్న సంగతులను ఓపికగా గమనిస్తే, ఒక్క బోల్టు విప్పకముందే లోపం బకిల్‌లో ఉందా, సీటు కింది తీగల్లో ఉందా, సీటు లోపలి సెన్సరులో ఉందా అన్నది చాలా సందర్భాల్లో తేలిపోతుంది. ఆ పరిశీలన మానేసి ముందుగా బకిల్ మార్చి, దానితో పని కాకపోతే సెన్సరు మార్చి, చివరికి కనెక్టరు వదులైందని తెలుసుకోవడం ఈ పనిలో తరచుగా జరిగే వృథా ఖర్చు.

వ్యవస్థ దేనిని చూసి హెచ్చరిస్తుంది

సీటులో మనిషి ఉన్నారా, ఆ సీటు బెల్టు బకిల్‌లో పడిందా అన్న రెండు విషయాల మీదే హెచ్చరిక ఆధారపడి ఉంటుంది. డ్రైవరు సీటులో ఎవరో ఒకరు ఉంటారన్నది తెలిసిన విషయమే కనుక చాలా కార్లలో అక్కడ బకిల్‌ను మాత్రమే చూస్తారు. ముందు ప్రయాణికుడి సీటులో మెత్త కింద బరువునో ఒత్తిడినో గుర్తించే సెన్సరు ఉంటుంది. బకిల్ లోపల చిన్న స్విచ్ ఉంటుంది. బెల్టు చివరనున్న లోహపు నాలుక బకిల్‌లోకి దిగి గొళ్లెం పడినప్పుడు ఆ స్విచ్ స్థితి మారుతుంది. కొన్ని కార్లలో అది మామూలు మైక్రోస్విచ్, కొన్నింటిలో అయస్కాంతంతో పనిచేసే రీడ్ స్విచ్ లేదా హాల్ సెన్సరు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో విద్యుత్ కొలిచే మల్టీమీటరు చేతికి తీసుకున్నప్పుడు తెలుస్తుంది.

బకిల్ నుంచి, సీటు సెన్సరు నుంచి వచ్చే తీగలు సీటు కిందుగా ఒక కనెక్టరు గుండా కారు అడుగు భాగంలోని వైరింగులో కలిసి, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌కు గాని, బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కు గాని చేరతాయి. మాడ్యూల్ అంటే కారులోని ఒక్కో వ్యవస్థను నడిపే చిన్న కంప్యూటరు. దీపం వెలిగించడం, బీప్ మోగించడం మీటర్ల పలక పని. అది తనంతట తాను ఏదీ నిర్ణయించుకోదు, మాడ్యూల్ పంపిన సందేశాన్ని చూపిస్తుందంతే. అందుచేత హెచ్చరిక తప్పుగా వస్తుంటే మీటర్ల పలకను అనుమానించడం దాదాపు ఎప్పుడూ చివరి మెట్టే కావాలి.

ముందు అది లోపమేనా అని తేల్చుకోవాలి

ఇగ్నిషన్ వేయగానే బెల్టు దీపం కొన్ని సెకన్లు వెలగడం చాలా కార్లలో మామూలే. బెల్టు పెట్టుకోకపోతే మొదట దీపం మాత్రమే వెలిగి, కారు కదిలిన తరువాత గాని బీప్ మొదలుకాకపోవడం కూడా లోపం కాదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 16వ నిబంధనను పాటించే కార్లలో హెచ్చరిక రెండు దశల్లో వస్తుంది. శబ్దంతో కూడిన రెండవ దశ మొదలవడానికి తయారీదారు వేగాన్ని కొలమానంగా తీసుకుంటే ఆ హద్దు గంటకు 25 కిలోమీటర్లు మించకూడదు, దూరాన్ని తీసుకుంటే 500 మీటర్లు మించకూడదు, సమయాన్ని తీసుకుంటే 60 సెకన్లు మించకూడదు. ఇంటి ఆవరణలో నెమ్మదిగా కారు తిప్పినంతసేపూ మోగని బీప్ రోడ్డెక్కగానే ఎందుకు మోగుతోందన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

ఏ దీపం వెలుగుతోందో కూడా ఒకసారి స్పష్టంగా చూడాలి. ఒంటికి అడ్డంగా పట్టీ ఉన్న మనిషి బొమ్మ బెల్టు హెచ్చరిక. మనిషి ముందు గుండ్రని బంతి లాంటి ఆకారం ఉంటే అది ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక. చాలా కార్లలో రెండూ ఎర్రగానే ఉండడం వల్ల పొరబడడం సులువు. బెల్టు దీపం ఒక్కటే తప్పుగా వెలిగితే ఈ వ్యాసంలోని పరీక్షలు చాలావరకు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ దీపం కూడా ఆరకుండా ఉంటే, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న భరోసా లేదని అర్థం. అప్పుడు తీగలు కదపకుండా నేరుగా, మాడ్యూళ్లలోని సమాచారాన్ని చదివే స్కానర్ పరీక్షకు వెళ్లాలి.

లక్షణం: బెల్టు పెట్టుకున్నా డ్రైవరు హెచ్చరిక ఆరదు

వచ్చే ఫిర్యాదుల్లో దీనికే ఎక్కువ వాటా, ఎక్కువసార్లు తప్పు బకిల్‌దే. దీన్ని తేల్చుకోవడానికి వరుసగా మూడు పనులు చేయాలి. మొదటిది, కారు నిలిపి ఇగ్నిషన్ వేసి ఉంచి, బెల్టు నాలుకను బకిల్‌లోకి నెమ్మదిగా దించుతూ దీపాన్ని గమనించడం. టక్కుమని గొళ్లెం పడిన క్షణంలోనే దీపం ఆరాలి. గొళ్లెం పడ్డా దీపం ఆరక, నాలుకను ఇంకొంచెం లోపలికి నొక్కితేనో, పక్కకు వాల్చితేనో ఆరుతుంటే, స్విచ్ అరిగిందని గాని, బకిల్ అడుగున ఏదో అడ్డుపడిందని గాని అర్థం. రెండవది, గొళ్లెం పడిన తరువాత బెల్టును గట్టిగా లాగి చూడడం. నాలుక ఊడి వచ్చిందంటే ఇది హెచ్చరిక సమస్య కాదు, బెల్టే పనికిరాని స్థితిలో ఉంది. ఆ సీటులో ఎవరినీ కూర్చోబెట్టకుండా బకిల్ మార్చాలి. మూడవది, విడుదల బటన్‌ను పదేపదే నొక్కి అది స్వేచ్ఛగా పైకి వస్తోందా అని చూడడం. సగంలో ఆగిపోయే బటన్, లోపల జిగురు చేరిందనడానికి గుర్తు.

బకిల్ లోపల చేరే వస్తువుల జాబితా పెద్దదే: నాణేలు, బిస్కెట్ పొడి, జుట్టు పిన్నులు, పిల్లలు దూర్చిన కాగితం ముక్కలు, కవరు నుంచి ఊడిన దారపు పోగులు. వీటికంటే ఎక్కువ చిక్కు పెట్టేది ఒలికిన తీపి పానీయం. అది ఆరాక మిగిలే చక్కెర పూత గొళ్లేన్నీ స్ప్రింగునూ కదలకుండా పట్టి ఉంచుతుంది, లోపలి స్విచ్ మీట సగంలో ఆగిపోతుంది. టార్చి వెలుగులో బకిల్ నోటిలోకి చూస్తే వదులుగా ఉన్న చెత్త కనబడుతుంది. దాన్ని వాక్యూమ్ క్లీనరు సన్న ముక్కుతో పీల్చి తీయడం, లేదా తక్కువ ఒత్తిడి గాలి కొట్టడం సురక్షితం. గాలి కొట్టేటప్పుడు బకిల్ నోరు వీలైనంత కిందికి వంచి పట్టుకుంటే చెత్త ఇంకా లోతుకు పోకుండా బయటికి వస్తుంది. స్క్రూడ్రైవరో, తీగో పెట్టి పొడవకూడదు. లోపలి స్విచ్ మీట పలుచని ప్లాస్టిక్ ముక్క, అది విరిగితే శుభ్రతతో పోయేది కాస్తా బకిల్ మార్పు దాకా పోతుంది.

చక్కెర జిగురు విషయంలో కారు మాన్యువల్ ఏం చెబుతోందో చూసి నడుచుకోవడం మంచిది. సాధారణంగా గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డతో నాలుకను శుభ్రంగా తుడిచి, అదే నాలుకను బకిల్‌లో పలుమార్లు పెట్టి తీయడం వల్ల పలుచని పూత వదులుతుంది. బకిల్‌లోకి నీళ్లు పోయడం మాత్రం వద్దు, అందులో విద్యుత్ స్విచ్ ఉంది. నూనె, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రేలు కూడా కొట్టకూడదు. అవి కొట్టిన రోజు బటన్ హాయిగా కదులుతుంది గాని, తరువాత ఆ నూనెకు దుమ్ము అంటుకుని మునుపటి కంటే గట్టి జిగురు తయారవుతుంది. పైగా కొన్ని ద్రావకాలు ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తాయి, బెల్టు పట్టీ మీద పడితే దాని పోగులకూ మంచిది కాదు. తుడిచి, ఆరబెట్టి, పలుమార్లు పెట్టి తీసినా బటన్ బిగుసుకునే ఉంటే బకిల్‌ను విప్పి లోపల బాగుచేసే ఆలోచన పెట్టుకోకండి. అది విప్పి బిగించడానికి చేసిన వస్తువు కాదు. ప్రమాద సమయంలో మనిషి బరువంతా మోసే భాగం కనుక మొత్తంగా మార్చడమే సరైన పని.

బకిల్ శుభ్రంగా, చురుకుగా ఉన్నా దీపం ఆరకపోతే స్విచ్‌ను విద్యుత్ పరంగా పరీక్షించాలి. అందుకు తీగలు ముట్టుకునే ముందు తరువాతి భాగంలోని జాగ్రత్తలు చదవడం తప్పనిసరి.

లక్షణం: హెచ్చరిక వస్తూ పోతూ ఉంటుంది

గతుకుల్లో బీప్ మోగి మళ్లీ ఆగిపోవడం, సీటును ముందుకు జరిపితే ఆరిన దీపం వెనక్కి జరపగానే వెలగడం, కారు లోపల శుభ్రం చేయించిన మరునాడే సమస్య మొదలవడం - ఇవన్నీ చాలాసార్లు సీటు కింది తీగలనే చూపిస్తాయి. సీటు జరిగిన ప్రతిసారీ ఆ తీగల కట్ట కూడా సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. సీటు కింద పెట్టిన గొడుగు, దొర్లిన నీళ్ల సీసా, వాక్యూమ్ గొట్టం తగిలి కనెక్టరు సగం ఊడడం మామూలే. ఏళ్ల తరబడి కదలిక వల్ల కనెక్టరులోని పిన్నులు వదులై, రాపిడితో వాటి మీద సన్నని తుప్పు పొర ఏర్పడడం ఇంకో కారణం. అద్దం మూయని రోజున వానకు తడిసినా, ఏసీ నీటి గొట్టం పూడుకుని లోపలికి నీరు కారినా, తడి చాప కింద కనెక్టరు పచ్చబారుతుంది.

మొదటి పరీక్షకు పనిముట్లేవీ అక్కరలేదు. ఇగ్నిషన్ వేసి, బెల్టు పెట్టి, సీటును ఈ చివరి నుంచి ఆ చివరి వరకు నెమ్మదిగా జరుపుతూ, వీపు భాగాన్ని వాలుస్తూ లేపుతూ దీపాన్ని చూడాలి. ఒక స్థానంలో దీపం ప్రతిసారీ మారుతుంటే ఆ స్థానంలో తీగ లాగబడుతోందో, నలుగుతోందో అన్నది ఖాయం. తరువాత ఇగ్నిషన్ ఆపి, టార్చితో సీటు కింద చూసి తీగ పట్టాల అంచుకు ఒరుసుకుంటోందా, కట్టు ఊడి వేలాడుతోందా గమనించాలి. ఈ దశలో చూడడమే గాని చేత్తో లాగడం వద్దు.

ఇక్కడ ప్రీటెన్షనర్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లకూడదు. ఢీకొన్న క్షణంలో బెల్టును బిగించి లాగే ఈ పరికరంలో చిన్న మందుగుండు ఉంటుంది. అది బెల్టు చుట్టుకునే రీలులో గాని, బకిల్ కాడలో గాని అమర్చి ఉంటుంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో దాని తీగ కూడా ఇదే దారిలో వస్తుంది. ఈ సర్క్యూట్ల కనెక్టర్లకు సాధారణంగా పసుపు రంగు ఉంటుంది. వాటిని విప్పాలంటే ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ మైనస్ తీగ తీసి, మాడ్యూల్‌లోని కెపాసిటర్లలో నిల్వ ఉన్న విద్యుత్ తగ్గేదాకా ఆగాలి. ఎంతసేపు ఆగాలన్నది కారును బట్టి కొన్ని నిమిషాల వరకు ఉంటుంది, మాన్యువల్‌లో చెప్పిన సమయాన్నే పాటించాలి. ప్రీటెన్షనర్ పిన్నుల మీద మల్టీమీటరు ముళ్లు ఏ పరిస్థితిలోనూ పెట్టకూడదు, మీటరు పంపే కొద్దిపాటి విద్యుత్ కూడా దాన్ని పేల్చే ప్రమాదం ఉంది. కనెక్టరు విప్పి ఉండగా బ్యాటరీ కలిపినా, ఇగ్నిషన్ వేసినా ఎయిర్‌బ్యాగ్ లోపం మాడ్యూల్‌లో నమోదై, తిరిగి బిగించాక కూడా దాని దీపం వెలుగుతూనే ఉండవచ్చు. ఏ తీగ దేనిదో రేఖాచిత్రంలో చూసి గుర్తుపట్టలేని వారు ఇక్కడే ఆగి, పని తెలిసిన వారికి అప్పగించడం మేలు.

ఈ జాగ్రత్తలన్నీ పాటించి బకిల్ స్విచ్‌కు చెందిన కనెక్టరును వేరుచేశాక, పిన్నులు వంగాయా, వెనక్కి జారాయా, రంగు మారాయా చూడాలి. తుప్పు పలుచగా ఉంటే విద్యుత్ కాంటాక్టుల కోసమే తయారైన క్లీనరుతో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక బిగించాలి. లాక్ టక్కుమని పడాలి. స్విచ్ మామూలు రకమైతే మీటరులో కంటిన్యుటీ (సర్క్యూట్ తెగిందా లేదా చూపే అమరిక) పెట్టి బెల్టు పెట్టి తీస్తూ చూస్తే ఒక స్థితిలో దాదాపు సున్నా ఓములు, రెండవ స్థితిలో తెగిన సర్క్యూట్ కనబడాలి. కొన్ని తయారీ సంస్థలు స్విచ్‌తోపాటు రెసిస్టర్లు పెడతాయి. అక్కడ రెండు స్థితుల్లోనూ రెండు వేర్వేరు విలువలు వస్తాయి, ఆ విలువలు తప్పితే తీగ తెగిందో, ఒకదానికొకటి తగిలిందో మాడ్యూల్ గుర్తించగలదు. ఓముల విలువ కనబడిందని అలాంటి బకిల్‌ను పాడైందని పారేయకూడదు. హాల్ సెన్సరు ఉన్న బకిల్‌ను ఓముల కొలతతో తేల్చడం అసలు కుదరదు, అది విద్యుత్ అందుతున్నప్పుడు తాను తీసుకునే కరెంటు మార్పు ద్వారా స్థితిని తెలుపుతుంది. దానికి స్కానర్‌లో ప్రత్యక్ష విలువలు, అంటే మాడ్యూల్ ఆ క్షణంలో చదువుతున్న విలువలు, చూడడమే దారి.

తీగ ఒరుసుకుని తెగితే అతుకు వేయవచ్చా అన్నది సర్క్యూట్‌ను బట్టి ఉంటుంది. కేవలం బెల్టు స్విచ్‌కు పోయే తీగను సరైన క్రింప్ అతుకుతో, వేడికి ముడుచుకునే తొడుగుతో బాగుచేయవచ్చు. ఎయిర్‌బ్యాగ్, ప్రీటెన్షనర్ తీగల విషయంలో చాలా తయారీ సంస్థలు తాము సూచించిన పద్ధతిలో తప్ప అతుకును అనుమతించవు, కొన్ని మొత్తం కట్టనే మార్చమంటాయి. ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయడం రెండింటికీ తగదు.

లక్షణం: ఖాళీ పక్క సీటు గురించి హెచ్చరిక

సీటు మీద సంచి, లాప్‌టాప్, సరుకులు ఉంటే సెన్సరు వాటిని మనిషిగా భావించడం లోపం కాదు. కొన్ని కిలోల బరువు ఒకేచోట ఆనితే చాలు, చాలా సెన్సర్లు స్పందిస్తాయి. ఈ తికమక ఎంత పాతదంటే, అమెరికాలో 1974 మోడల్ కార్లకు ముందు సీట్ల బెల్టు పెట్టుకోకపోతే ఇంజను స్టార్ట్ కాకుండా ఆపే ఏర్పాటు పెట్టినప్పుడు, పక్క సీటులో పెట్టిన సరుకుల సంచి కూడా కారును కదలనివ్వలేదు. జనం ఎంతగా విసుగెత్తారంటే ఆ దేశ కాంగ్రెస్ అదే సంవత్సరం ఆ ఏర్పాటును తప్పనిసరి చేయకుండా చట్టం చేసింది. బరువును కింద పెట్టుకోవడమే దీనికి పరిష్కారం. బెల్టును ఖాళీ బకిల్‌లో శాశ్వతంగా పెట్టి ఉంచే అలవాటు చేసుకుంటే, ఒకరోజు నిజంగా మనిషి కూర్చున్నప్పుడు కారు హెచ్చరించదు.

సీటు నిజంగా ఖాళీగా ఉన్నా హెచ్చరిక వస్తుంటే సీటు మీద, సీటు కింద ఏమి చేర్చారో ముందు గుర్తు చేసుకోవాలి. బిగుతుగా లాగి కట్టిన సీటు కవరు మెత్తను నొక్కి పట్టి సెన్సరు మీద నిత్యం ఒత్తిడి ఉంచుతుంది. బయట కొన్న వేడి పరుపులు, పూసల దిండ్లు, కింది నుంచి మెత్తను పైకి నెట్టే పెట్టెలు కూడా ఇదే పని చేస్తాయి. వాటన్నిటినీ తీసి, సీటును కొంతసేపు అలాగే ఖాళీగా వదిలి, ఇగ్నిషన్ ఆపి తిరిగి వేసి చూడాలి. సీటు తడిస్తే పూర్తిగా ఆరేదాకా తీర్పు చెప్పకూడదు, తడి నురుగు కొన్ని రకాల సెన్సర్లను తప్పుదారి పట్టిస్తుంది. మోకాలు మోపి సీటు ఎక్కడం, బరువైన వస్తువు మొనను మెత్త మీద ఆనించడం వంటివి పలుచని చాప లాంటి సెన్సరులోని వాహక గీతలను నలిపేస్తాయి. అలా నలిగిన సెన్సరుకు సీటు ఎప్పుడూ నిండుగానే కనబడవచ్చు, లేదా ఎప్పుడూ ఖాళీగానే కనబడవచ్చు.

సెన్సరు మార్పు బకిల్ మార్పంత తేలిక కాదు. మనిషి బరువును బట్టి ప్రయాణికుడి ఎదుటి ఎయిర్‌బ్యాగ్‌ను పనిచేయించాలా వద్దా అని నిర్ణయించే వర్గీకరణ సెన్సరు ఉన్న కార్లలో, సెన్సరు, మెత్త, కొన్నిసార్లు దాని చిన్న నియంత్రణ పెట్టె కలిపి ఒకే సెట్టుగా అమ్ముతారు. బిగించాక ఖాళీ సీటుతో సున్నా బరువును స్కానర్ ద్వారా నేర్పాలి. సీటు తోలు మార్పించినా, మెత్త నురుగు మార్పించినా, సీటు విప్పి బిగించినా చాలా కార్లలో ఇదే క్రమాంకనం అవసరమవుతుంది. సీటు పని చేయించిన తరువాతే హెచ్చరిక మొదలైతే కొత్త సెన్సరు కొనే ముందు ఈ క్రమాంకనం జరిగిందా అని అడగండి. కేవలం బెల్టు హెచ్చరిక కోసం ఉన్న సాదా చాప సెన్సరుకు చాలావరకు ఈ బాధ ఉండదు, కానీ సీటు కవరు విప్పడం, క్లిప్పులు తిరిగి వేయడం నేర్పు కోరే పనులే.

పిల్లల సీటును ఐసోఫిక్స్ కొక్కేలతో (కారు సీటులోని లోహపు కమ్మీలకు తగిలించేవి) బిగిస్తే దాన్ని పట్టి ఉంచడానికి చాలావరకు కారు బెల్టు అవసరం ఉండదు కనుక, బరువును చూసిన సెన్సరు బెల్టు ఏదని అడుగుతుంది. కారు మాన్యువల్, పిల్లల సీటు మాన్యువల్ రెండూ అనుమతిస్తే, పిల్లల సీటు పెట్టకముందే దాని వెనుక నుంచి కారు బెల్టును బకిల్‌లో పెట్టి ఉంచవచ్చు. ముందు సీటులో వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటు పెట్టవలసి వస్తే ఇది బీప్ గురించిన ప్రశ్న కాదు, ఎదుటి ఎయిర్‌బ్యాగ్ పనిచేయకుండా ఆపకుండా అలా పెట్టడం పిల్లల ప్రాణానికే ముప్పు.

వెనుక సీట్ల హెచ్చరిక

2019 సెప్టెంబరు తరువాత, పైన చెప్పిన 16వ నిబంధనను అనుసరించే దేశాల్లో కొత్త మోడళ్లకు వెనుక సీట్ల హెచ్చరిక కూడా తప్పనిసరైంది. అయితే వెనుక సీట్లలో మనిషిని గుర్తించే సెన్సరు చాలా కార్లలో ఉండదు. పెట్టుకున్న బెల్టు ప్రయాణంలో ఊడితే మాత్రమే ఆ కార్లు బీప్ కొడతాయి. వెనుక కూర్చున్న వారు బెల్టు పెట్టుకోకపోయినా మోగలేదంటే అది లోపం కాకపోవచ్చు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు, మధ్య సీటు నాలుకను పక్క సీటు బకిల్‌లో పెట్టడం. చాలా కార్లలో అది లోపలికి పోదు గాని, కొన్నింటిలో సగం దిగి ఆగుతుంది. వీపు భాగాన్ని మడిచి తిరిగి నిలబెట్టినప్పుడు బకిల్ మెత్త కిందికి జారిపోవడం, విడదీయగల సీట్లలో అడుగు కాంటాక్టులు సరిగ్గా ఆనకపోవడం మిగిలిన కారణాలు. సీటును తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి, బకిల్‌లను పైకి లాగి చూస్తే చాలావరకు సరిపోతుంది.

లక్షణం: బెల్టు పెట్టుకోకపోయినా హెచ్చరిక రాదు

ఈ లోపం గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు, అందుకే ఇది ఎక్కువ కాలం కనబడకుండా ఉంటుంది. పాత కారు కొన్నప్పుడు మొదటి రోజే చూడవలసిన విషయం ఇది. ముందుగా బకిల్‌లోకి తొంగి చూడాలి. బీప్ ఆపడానికి వాడే నకిలీ క్లిప్పు గాని, బెల్టు పొడవు పెంచే ఎక్స్‌టెండర్ గాని అక్కడే వదిలేసి ఉండవచ్చు. నకిలీ క్లిప్పుతో వచ్చే నష్టం బీప్ రాకపోవడంతో ఆగదు. బెల్టు పెట్టుకున్నారా లేదా అన్న సమాచారాన్ని చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ కూడా వాడుకుంటుంది. ఎంత దెబ్బకు ఎయిర్‌బ్యాగ్ తెరవాలి, ఎంత బలంతో తెరవాలి, ప్రీటెన్షనర్‌ను పనిచేయించాలా అన్న నిర్ణయాలు దాని మీద ఆధారపడతాయి. బెల్టు లేని మనిషిని బెల్టు ఉన్న మనిషిగా నమ్మిన మాడ్యూల్ ఆ మనిషికి తగని నిర్ణయం తీసుకుంటుంది. స్విచ్ తీగలను కలిపి ముడివేసినా జరిగేది ఇదే, స్కానర్‌తో హెచ్చరికను మూయించినప్పుడు కనీసం ఈ సమాచారం తప్పుకాకుండా ఉంటుంది, అంతే తేడా.

క్లిప్పు లేకపోతే, ఇగ్నిషన్ వేయగానే మిగతా దీపాలతోపాటు బెల్టు దీపం ఒకసారి వెలుగుతోందా చూడాలి. వెలగకపోతే మీటర్ల పలకలోని దీపమో, దాని సర్క్యూటో అనుమానించాలి. దీపం వచ్చి శబ్దం మాత్రం రాకపోతే, కారులో మ్యూజిక్ సిస్టమ్ మార్చారా అని అడగాలి. కొన్ని కార్లలో బీప్ శబ్దం కంపెనీ అమర్చిన ఆడియో యూనిట్ ద్వారానే వస్తుంది. దాన్ని తీసి వేరేది పెట్టినప్పుడు తగిన అడాప్టర్ కలపకపోతే హెచ్చరికలన్నీ మూగబోతాయి. ఇవేవీ కాకపోతే స్విచ్ ఒకే స్థితిలో అతుక్కుపోయిందన్నది మిగిలిన సంభావ్యత.

స్కానర్ ఎప్పుడు, ఎలాంటిది

ఇంజను దీపం వెలిగితే కారణం చదవడానికి వాడే చవక ఓబీడీ రీడర్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగ్, బాడీ మాడ్యూళ్లలోకి ప్రవేశం ఉండదు. లోపాలేవీ లేవని అవి చూపినా నమ్మకూడదు. మాడ్యూల్ నమోదు చేసే లోపాల కోడ్లలో బి అక్షరంతో మొదలయ్యే బాడీ కోడ్లు, యు అక్షరంతో మొదలయ్యే సమాచార మార్పిడి కోడ్లు చదవగల స్కానర్ కావాలి. అయితే కోడ్ కంటే విలువైనది ప్రత్యక్ష విలువల తెర. బెల్టు పెట్టి తీసినప్పుడు తెర మీద ఆ సీటు స్థితి వెంటనే మారుతుంటే బకిల్, తీగలు, కనెక్టరు బాగున్నట్టే, లోపం ఆ తరువాత ఉంది. బెల్టు పెట్టినా స్థితి మారకపోతే లోపం మాడ్యూల్‌కు ఇవతల ఉంది. తీగలను మెల్లగా కదుపుతున్నప్పుడు స్థితి ఎగిరెగిరి పడితే కదిపిన చోటే లోపం. పసుపు కనెక్టర్ల జోలికి పోకుండా చేసే ఈ కదిలింపు పరీక్ష బకిల్ కొనే డబ్బును చాలాసార్లు మిగులుస్తుంది.

కోడ్ చరిత్రలో ఉందా, ఇప్పుడు కూడా ఉందా అన్న తేడా చూడాలి. బ్యాటరీ బలహీనపడి, లేదా మరో కారు నుంచి స్టార్ట్ చేసినప్పుడు వోల్టేజీ పడిపోయి నమోదైన పాత కోడ్‌ను చెరిపేస్తే మళ్లీ రాకపోవచ్చు. అన్ని సీట్ల స్థితులూ ఒకేసారి తప్పుగా కనబడితే బకిల్‌లన్నీ ఒకే రోజు చెడాయనుకోవడం కంటే ఫ్యూజు, ఎర్తింగు, మాడ్యూళ్ల మధ్య సంబంధం వైపు చూడడం తెలివైన పని. మాడ్యూల్ మార్చవలసి వస్తే పాత కారు నుంచి తీసిన మాడ్యూల్ వద్దు. దానిలో ఆ కారు ప్రమాద సమాచారం ఉండవచ్చు, కోడింగు కుదరకపోవచ్చు.

ప్రమాదానికి గురైన కారులో హెచ్చరిక మొదలైతే ఈ క్రమమంతా పక్కన పెట్టాలి. ప్రీటెన్షనర్ ఒకసారి పనిచేస్తే తిరిగి వాడలేం. బకిల్ రకంలో అయితే ఆ బకిల్ పక్క దానికంటే కిందికి దిగి ఉంటుంది, అది కంటితోనే తెలుస్తుంది. అక్కడ బెల్టు భాగాలను మార్చి, మాడ్యూల్‌ను తయారీదారు పద్ధతిలో పరిశీలించాలి.

బాగుచేసిన తరువాతి పరీక్ష

భాగం మార్చినా, కనెక్టరు శుభ్రం చేసినా పరీక్ష ఒకటే. బ్యాటరీ కలిపి, ఇగ్నిషన్ వేసి, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి తనంతట ఆరేదాకా ఆగాలి. అది ఆరకపోతే కారు నడపకుండా పని చేసిన చోటును మళ్లీ చూడాలి. ఆరాక, ప్రతి సీటులోనూ బెల్టు పెట్టి తీస్తూ దీపం మారుతోందా చూడాలి. ముందు సీటును పట్టాల మీద పూర్తిగా అటూ ఇటూ జరిపి, బిగించిన తీగ సాగడం లేదని నిర్ధారించుకోవాలి. ఆ తరువాత గతుకుల దారిలో, పక్క సీటు ఖాళీగా ఉంచి ఒకసారి, మనిషిని బెల్టుతో కూర్చోబెట్టి ఒకసారి నడపాలి. బీప్ వచ్చే వేగాన్ని దాటి వెళ్లినా రెండుసార్లూ దీపం ఆరి ఉంటే, కారు నిలిపాక స్కానర్‌తో పాత కోడ్లు చెరిపి, మరునాడు ఉదయం చల్లని ఇంజనుతో స్టార్ట్ చేసి ఇంకొకసారి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తెగే వదులు సంబంధాలు ఆ సమయంలోనే బయటపడతాయి.